చూడని సినిమాకు తీర్పు

"'మూడో బోరు' విశ్వాసులు చూడదగిన సినిమా కాదు" అని శ్రీదేవి స్టాండు మీద వీడియో తీస్తున్న ఫోన్ వైపు చూస్తూ చెప్పింది. "ఇందులో తాగుడు ఉంది, బూతులు ఉన్నాయి, అశ్లీలమైన పాట ఉంది. అన్నిటికన్నా ఘోరం, ఒక స్త్రీ దేవుణ్ణి నిలదీస్తుంది. ఇది దేవదూషణ. మీ పిల్లల్ని దూరంగా ఉంచండి. వందనాలు."

చౌటుప్పల్‌లో హైవేకి కాస్త ఇవతల ఉన్న చిన్న ప్రార్థన మందిరం అది. ఆదివారం ఆరాధన అయిపోయి యూత్ మీటింగు జరుగుతోంది. చాపల మీద కూర్చున్నవాళ్ళు ఆమెన్ అన్నారు. తలుపు పక్కన కూర్చున్న యువకుడొకడు మాత్రం లేచి నిలబడ్డాడు.

"సిస్టర్, ఒక్క మాట. మీరు ఆ సినిమా చూసిన్రా?"

"ట్రైలర్ చూసిన. చూసినోళ్ళను అడిగి తెలుసుకున్న."

"అంటే చూడలె."

"విషం అని తెల్వనీకి తాగి చూడాల్నా బ్రదర్?"

"మీరు మందుల కంపెనీల ఏం పని చేస్తరు?"

"మందుల క్వాలిటీ చూసే క్యూసీ ల్యాబ్‌ల."

"ఆడ గూడ గిట్లనేనా? శాంపిల్ టెస్ట్ చేయకుండనే బ్యాచ్ ఫెయిల్ అని రాస్తరా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీదేవి చెవులు వేడెక్కాయి. ముందు వరసలో ఉన్న ఆమె తండ్రి, పాస్టర్ డేవిడ్, వెనక్కి తిరిగి "విజేందర్, కూసో బిడ్డ" అన్నాడు నెమ్మదిగా. అతను కూర్చోలేదు. అందరికీ వందనాలు చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సినిమాకు మాటలు రాసినవాళ్ళలో విజేందర్ ఒకడని శ్రీదేవికి అప్పుడు తెలియదు. అదే సంఘంలోని సోమన్న, జానమ్మల కొడుకు. డిగ్రీకని హైదరాబాద్ వెళ్ళి, అక్కడే సినిమా పనిలో కుదురుకుని, ఈ మధ్యే మళ్ళీ ఇంటి నుంచే పనికి వెళ్ళొస్తున్నాడు. కరువు పట్టిన మక్తల్ వైపు పల్లెల్లో తీసిన సినిమా అది. బోర్లు ఎండిపోయి తాగుడుకు బానిసైన ఒక రైతు, అతని భార్య కథ.

శ్రీదేవి 'విశ్వాసి చూడొచ్చా?' అనే యూట్యూబ్ ఛానెల్ సరదాకి మొదలుపెట్టలేదు. సండే స్కూల్‌లో ఆమె పాఠం చెప్పే పిల్లలు, మాటలు కూడా సరిగ్గా పలకలేని వయసులో ఉన్నవాళ్ళు, ఒక ఐటమ్ పాటకు నడుములు ఊపుతుంటే చూసి ఆమె ఆ రోజు పాఠం ఆపేసింది. తల్లులు వచ్చి ఏ సినిమాకు పంపొచ్చో చెప్పమ్మా అని అడిగేవారు. అందుకే మొదలుపెట్టింది. ఆమె మాట విని సినిమాలు మానేసిన ఇళ్ళు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున వాన పట్టుకుంది. కంపెనీ బస్సు కోసం హైవే మీదికి వచ్చిన శ్రీదేవి టీ కొట్టు రేకుల కిందికి పరుగెత్తింది. అక్కడ హైదరాబాద్ బస్సు కోసం విజేందర్ నిలబడి ఉన్నాడు.

ఆమె చున్నీ అంచుతో ముఖం తుడుచుకుంది.

"అది నీ సినిమా అని నాకు తెల్వదు. ఇంటికి పోయినంక చెప్పిన్రు" అంది శ్రీదేవి.

"తెలిస్తే మంచిగ చెప్తుంటివా?"

"చెప్పకపోతుంటి."

"గది బాగుంది" అని అతను నవ్వాడు.

"నువ్వు అడిగింది మాత్రం కరెక్టే. చూడకుండ చెప్పడం అబద్ధ సాక్ష్యమే. నిన్నటి సంది నా మనసు నిలుస్తలేదు. నేను పోయి చూస్త. చూసినంక గూడ తప్పే అనిపిస్తే మళ్ళ గట్లనే చెప్త. నువ్వు లేచి నిలబడొద్దు."

"నిలబడ. కూసోనే వింట. కానీ ఒకటి చెప్పు. వీడియోల ఒక తీరు మాట్లాడ్తవు, ఈడ మన భాష మాట్లాడ్తవు. ఎందుకట్ల?"

"దేవుని సంగతులు జర మర్యాదగ చెప్పాలె గద."

"దేవునికి మన భాష రాదా?"

ఇంతలో కంపెనీ బస్సు వచ్చి ఆగింది. చున్నీ తల మీదికి లాక్కుని "వస్త బ్రదర్" అంది.

"నన్ను బ్రదర్ అనకు."

"నిన్న నన్ను సిస్టర్ అన్నదెవరు?"

"నిన్న తెల్వక అన్న."

బస్సెక్కి కూర్చున్నాక గాని ఆ మాట ఆమెకు పూర్తిగా అర్థం కాలేదు. పక్క సీటులో ఉన్న నాగరాణి, ల్యాబ్‌లో ఆమెతో పనిచేసే స్నేహితురాలు, "ఎందుకే గట్ల నవ్వుతున్నవు?" అని అడిగింది. శ్రీదేవి కిటికీ వైపు తిరిగింది.

ఆ వారం ఆమె తండ్రి దగ్గరికి వెళ్ళింది. డేవిడ్ ఎన్నడూ థియేటర్ గడప తొక్కలేదు. కూతురినీ తొక్కనివ్వలేదు.

"చూడకుండ తీర్పు చెప్పిన నాయినా. చూసి వస్త."

డేవిడ్ చదువుతున్న బైబిలు మూసి పక్కన పెట్టాడు. "నేను పొమ్మనలేను బిడ్డ. పోవద్దని గూడ అనను" అన్నాడు చివరికి.

ఆమె నాగరాణిని తోడు తీసుకుని మ్యాట్నీకి వెళ్ళింది. పాట వచ్చినప్పుడు తల దించుకుంది. తెర మీద ఆ అమ్మాయి ముఖం కనిపించనే లేదు, నడుమే కనిపించింది. చుట్టూ ఈలలు. ఆ ఈలలు తన ఒంటి మీద పడుతున్నట్టు ఆమె చున్నీ గట్టిగా పట్టుకుంది. తర్వాత కథలో బిడ్డ చనిపోయింది. తల్లి మట్టి చేతులతో ఆకాశం వైపు చూసి, "నీకు కండ్లున్నయా? ఉంటే నా బిడ్డ దిక్కు ఎందుకు చూడలె?" అని అడిగింది. నాగరాణి ఏడుస్తోంది. తను కూడా ఏడుస్తున్న సంగతి శ్రీదేవికి ఆలస్యంగా తెలిసింది.

బయట సైకిల్ స్టాండు దగ్గర విజేందర్ ఎదురుచూస్తున్నాడు. వస్తానని అతను చెప్పలేదు, రమ్మని ఆమె అనలేదు. ఆమె టికెట్ కొన్నదని ఊళ్ళో ఎవరో చెబితే వచ్చాడు.

"గా పాట రాసినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?" అని అడిగింది.

"ఉన్న."

"ఏమనలేదా?"

అతను నేల చూశాడు. "అనలె. పాట లేకుంటే సినిమా ఎవరూ కొనరన్నడు డైరెక్టర్. నేను కొత్తోణ్ణి. నోరు మూసుకున్న. మా అమ్మకు సినిమా చూపెట్టినప్పుడు గా పాట కాడ బయటికి పోయి నిలబడ్డ."

"అమ్మ పక్కన కూసోని చూడలేనిది మా సండే స్కూల్ పోరగాండ్లకు చూపెట్టిన్రు."

అతను వాదించలేదు. ఆమెకు అదే నచ్చింది, నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"మరి ఆ తల్లి అడిగిన మాటలు?"

"రాసింది నేనే. కానీ నావి కావు. మా అమ్మను అడుగు."

జానమ్మ పత్తి చేలో కలుపు తీసి వచ్చి, ఇంటి ముందు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా పనిచేసే సోమన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శ్రీదేవి అడగలేక అడగలేక అడిగింది.

"ఆ మాట నాదే బిడ్డ" అంది జానమ్మ. "విజేందర్ తర్వాత నాకు ఒక ఆడపిల్ల ఉండె. జ్వరం వచ్చింది. దవాఖానకు పోదామంటే ఈయన కల్లు కాంపౌండ్ల పడి ఉన్నడు. భుజాన ఏస్కొని రోడ్డు దాక ఉరికిన. రోడ్డు మీదనే సల్లబడ్డది. మట్టిల పెట్టేటప్పుడు అడిగిన దేవుని, నీకు కండ్లున్నయా అని."

సోమన్న లేచి వెళ్ళిపోలేదు. "ఆ సినిమాల తాగుబోతు నేనే బిడ్డ. మొత్తం కూసోని చూసిన" అన్నాడు. అతను మందు మానేసి చాలా ఏళ్ళయిందని ఊరందరికీ తెలుసు. ఎందుకు మానేశాడో శ్రీదేవికి ఇప్పుడు తెలిసింది.

"మళ్ళ తర్వాత ఆంటీ?" అంది. "దేవుని మీద కోపం పోయిందా?"

"కోపమొచ్చినా ఆయన్నే పట్టుకున్న. అడగనీకి గూడ ఇంకెవరున్నరు బిడ్డ నాకు?"

తర్వాతి ఆదివారం శ్రీదేవి మందిరంలో ఫోన్ స్టాండు ముందు నిలబడి, మొదటిసారి తన ఇంటి భాషలో మాట్లాడింది.

"పాట గురించి నేను చెప్పింది చెప్పినట్టే. దాంట్ల ఆడమనిషి లేదు, ఒళ్ళే ఉన్నది. పిల్లలకు చూపియ్యకుండ్రి. కానీ దేవదూషణ అన్నది నా తప్పు. దేవుడు లేడనుకునేటోళ్ళు ఆయనను అడగరు. నేను చూడకుండనే తీర్పు చెప్పిన. క్షమించుండ్రి."

జానమ్మ పేరు ఎత్తలేదు. జానమ్మ ఆడవాళ్ళ చాప మీద తల దించుకుని కూర్చుంది.

ఈసారి ఆమెన్ ఎవరూ అనలేదు. సంఘ పెద్ద రఘుపతి అదే సాయంత్రం పాస్టర్ ఇంటికి వచ్చాడు. "అయ్యగారూ, పాస్టర్ బిడ్డనే థియేటర్‌కు పోతే మేము మా పిల్లలను ఏమని ఆపాలె? ఆ ఛానెల్ బందు పెట్టియ్యండ్రి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఇద్దరు కొడుకులున్న మనిషి, వాళ్ళు ఫోన్లలో ఏం చూస్తున్నారోనని భయపడే మనిషి.

"కొన్నాళ్ళు ఆపు బిడ్డ" అన్నాడు డేవిడ్ కూతురితో.

"చూడకుండ చెప్పినప్పుడు ఎవ్వరూ ఆపలె నాయినా. చూసి చెప్తే ఆపుతున్నరు."

అంతకుమించి ఆమె ఎదురు చెప్పలేదు. స్టాండు మడిచి గూట్లో పెట్టింది. డేవిడ్ ఆ రోజు అన్నం సగంలోనే వదిలి లేచాడు.

కొన్ని రోజులకు టీ కొట్టు దగ్గర విజేందర్ కనిపించాడు. భుజాన ఎప్పుడూ ఉండే సంచి లేదు.

"హైదరాబాద్ పోతలేవా?"

"పనిలేదు. కొత్త సినిమాల మళ్ళ గసుంటి పాటనే పెట్టిన్రు. దానికి ముందు డబల్ మీనింగ్ మాటలు రాయమన్నరు. రాయనన్న. అయితే ఇంటికి పో అన్నరు, వచ్చిన. నీ వల్లనే నా పని పోయింది."

"నీ వల్ల నా ఛానెల్ పోయింది."

"అయితే ఇద్దరం ఖాళీనే."

ఆమె నవ్వబోయి ఆగింది. అతని ముఖంలో నవ్వు లేదు.

"శ్రీదేవి, నీ ముందు మళ్ళ నేల చూడొద్దని పనే వదులుకున్న. నువ్వు పక్కనుంటే నేను మంచిగ రాస్త అనిపిస్తాంది. నన్ను పెండ్లి చేసుకుంటవా?"

వాన లేదు. లారీలు పోతున్నాయి. వాటి చప్పుడు ఆమెకు వినిపించలేదు.

"నాకు ఇష్టమే" అంది చాలా చిన్నగా. "కానీ నాయిన సరే అంటేనే. ఆయన మనసు ఇరిచి నేను రాలేను."

"మీ నాయినను పొద్దుగాలనే అడిగిన. సినిమావోనికి పిల్లనియ్య అంటడనుకున్న. అనలె. ఆలోచిస్త అన్నడు."

శనివారం మధ్యాహ్నం చౌటుప్పల్‌లో ఒక వార్త గుప్పుమంది. పాస్టర్ డేవిడ్ తెల్ల చొక్కా వేసుకుని, పట్టపగలు అందరి ముందే లైన్లో నిలబడి, 'మూడో బోరు' టికెట్ కొన్నాడని. సినిమా అయ్యాక ఆయన ఇంటికి వెళ్ళలేదు. నేరుగా సోమన్న ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, కూతుర్ని పిలిపించాడు. శ్రీదేవి వచ్చేసరికి విజేందర్ గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు, ఏం వినాల్సి వస్తుందో తెలియక.

"పాట వచ్చినప్పుడు తల దించుకున్న" అన్నాడు డేవిడ్. "నా బిడ్డ దాని గురించి చెప్పింది నిజమే. ఆ తల్లి అడిగినప్పుడు తలెత్తిన. గా మాటలు నేను ముందే విన్న జానమ్మా."

"విన్నరు అయ్యగారు. నా బిడ్డను మట్టిల పెట్టనీకి మీరే వచ్చిన్రు."

"అప్పుడే కొత్తగ పాస్టర్ సేవకు వచ్చిన. ఏం చెప్పాల్నో తెల్వక నీ పక్కన కూసున్న. నిన్ను గద్దించలె. ఇప్పుడు తెర మీది తల్లిని ఏ మొకం పెట్టుకొని గద్దిస్త?"

జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డేవిడ్ విజేందర్ వైపు తిరిగాడు.

"మళ్ళ సినిమా పనికే పోతవా?"

"పోత అయ్యగారు. గసుంటియి మాత్రం రాయ."

"పని దొరకకపోతే?"

"దొరికేదాక అమ్మ ఎంబడి చేన్లకు పోత."

డేవిడ్ తల పంకించాడు. "రేపు ఆరాధనల నేనే చెప్త, థియేటర్‌కు పోయిన అని. రఘుపతికి కోపమొస్తది. వచ్చినా సరే, కూసోని మాట్లాడుకుంటం. శ్రీదేవి, నీ ఛానెల్ నువ్వు నడుపు. చూసినంకనే చెప్పు. ఇంక మీ ఇద్దరి పెండ్లి మాట గూడ రేపే చెప్త. ఇట్ల రాండ్రి."

ఇద్దరూ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక్కొక్కరి తల మీద ఒక్కో చెయ్యి ఉంచి ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. నెమ్మదిగా, తడుముకుంటూ, చనిపోయిన ఆ పసిబిడ్డను కూడా తలుచుకుంటూ. గోడ దగ్గర సోమన్న వెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మధ్యలో శ్రీదేవి కళ్ళు తెరిచింది. విజేందర్ అప్పటికే ఆమెనే చూస్తున్నాడు.

"ప్రార్థనల కండ్లు మూసుకోవాలె" అంది ఆమె గుసగుసగా.

"నువ్వు తెరవకపోతే నీకెట్ల తెలిసింది?"

డేవిడ్ చేతులు వాళ్ళ తలల మీద కొంచెం బరువెక్కాయి.

"ఇద్దరూ మూయుండ్రి" అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే. "నేనింకా ఆమెన్ అనలె."