తడికకు అటూ ఇటూ

జయరాజు సారు ఉద్యోగంలో చేరి నెల తిరక్కముందే, పక్క తరగతి ఎస్తేరు టీచరు తడిక దాటి వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సారూ, మీరు చెప్పే ఎక్కాలు మా పిల్లోళ్లకు వచ్చేసినాయి. నా పాఠం నేనెప్పుడు చెప్పుకోవల్ల?"

ఎక్కాలు అరిచి అరిచి జయరాజు గొంతు పోయింది. బుగ్గలో కరక్కాయ ముక్క ఉంది. నుదుటిమీద శొంఠి పట్టు ఉంది. చేతిలో బెత్తం ఉంది. వెనకాల మూడో తరగతి పిల్లలు ఒకరి పలక ఒకరు లాక్కుంటున్నారు.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఆళ్లగడ్డలో ఆ హాలు ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి. మధ్యలో ఈతాకుల తడిక కట్టి రెండు తరగతులు చేశారు. తడిక చూపును కొంత ఆపేది. మాటను అసలు ఆపేది కాదు.

జయరాజుది నంద్యాల. పొద్దున బస్సెక్కితే శిరివెళ్ల దాటేదాకా బాగానే ఉండేవాడు. బడి కనిపించగానే బస్సు దిగబుద్ధి అయ్యేది కాదు. సాయంత్రం గొంతు పోయి, టికెట్టు కూడా చేతి సైగలతో అడిగేవాడు. కండక్టరు ఆయన్ని మూగవాడనుకున్నాడు. జాలిపడి తానూ సైగలతోనే చిల్లర ఇచ్చేవాడు.

ఆ రోజు ఎస్తేరు తిట్టింది గానీ గొంతు పెంచలేదు. గొంతు పెంచకుండా తిట్టవచ్చని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి మనసులో నిలిచిపోయింది.

ఆ వారమే ఆయన తల్లి బాలమ్మ వచ్చి పిల్లనడిగింది. ఎస్తేరు తండ్రి ఏలీయా ఆ చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. ఇల్లు చర్చి గోడ వెనకాలే. ఆయన బాలమ్మకు మజ్జిగ ఇచ్చి, మాట మాత్రం ఇవ్వలేదు.

"పిల్లోడు మంచోడేనమ్మా. కానీ మద్యానం నేను కునుకు తీస్తే ఆయప్ప అరుపుకే లేస్తాండా. పసిపిల్లోళ్ల మీద అంత గొంతు లేపేటోడు రేపు నా బిడ్డమీద లేపడా? దసరా సెలవుల దాకా కిటికీ కింద కూచోని ఇంటా. ఒక్క అరుపు ఇనపడితే పిల్ల మాట ఎత్తొద్దు."

అరవకుండా తరగతి ఎలా నడపాలో జయరాజుకు తెలియలేదు. సాయంత్రం బడి వదిలాక తడిక పక్కకు వెళ్లి ఎస్తేరునే అడిగాడు. షరతు సంగతి ఆమెకూ తెలుసు. నవ్వు ఆపుకుని, మా నాయన చెవులు మంచివి అంది. తర్వాత అసలు మాట చెప్పింది.

"మీరు ఒకని పలక దిద్దుతాండేటప్పుడు మిగతావాళ్లకు పనేముంది సారూ? ఊరికే ఉంటే నేనైనా పక్కోళ్ల జడ లాగుతా."

ఆయన ఇంతవరకూ అలా ఆలోచించలేదు. మరుసటి రోజు నుంచి ఆమె చెప్పినట్టు చేశాడు. గంట కొట్టకముందే బోర్డుమీద లెక్క రాసి పెట్టాడు. వాకిట్లో నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి లోపలికి పంపాడు. గోల మొదలైతే దానిమీద అరవకుండా ఆగాడు. మొదటి రోజు ఆయన ఎంతసేపు ఆగాడంటే, గోలకు పెద్దదిక్కయిన నాగేశ్వరమ్మ అనే పిల్లకు భయమేసింది. సారుకు ఏమో అయిందని మిగతావాళ్ల నోళ్లు మూయించింది. ఆ పిల్లకే పలకలు సర్దే పని ఇచ్చాడు. దాంతో సగం గోల ఉద్యోగంలో చేరినట్టయింది.

శొంఠి పట్టు పోయింది. కరక్కాయ పోయింది. ఒక సాయంత్రం బస్సులో "నంద్యాల ఒకటి" అని నోటితో అడిగితే కండక్టరు చేతిలో టికెట్లు జారిపోయాయి.

ఎస్తేరు బోర్డుమీద రాసేటప్పుడు తడిక సందుల్లోంచి ఆమె గాజులు కనిపించేవి. జయరాజు తన బోర్డు దగ్గరే ఎక్కువసేపు ఉండసాగాడు. సారు తమకోసమే కష్టపడుతున్నాడని పిల్లలు అనుకున్నారు.

ఒక రోజు ఎస్తేరు మళ్లీ ఫిర్యాదు చేసింది. మరీ మెల్లగా చెప్తున్నారు, మాకేమీ వినపడటం లేదు అంది. మీకెందుకు అన్నాడాయన. అలవాటైపోయింది అని ఆమె తలవంచుకుని వెళ్లిపోయింది.

దసరా సెలవులకు ముందు రోజు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. పంతం పట్టిన వాన. జయరాజు వైపు మిద్దె కారడం మొదలుపెట్టింది. ఈ ఒక్క రోజు గడిస్తే చాలునని ఆయన ముఖంలోనే ఉంది. ఎస్తేరు అది చూసి, మీ పిల్లల్ని నా వైపుకు పంపండి, మేము అటు వస్తాం అంది. రెండు తరగతులూ చోట్లు మారాయి.

మారిన సంగతి బయట ఉన్న ఏలీయాకు తెలియదు. ఆయన గొడుగు వేసుకుని రోజూలాగే జయరాజు కిటికీ కింద నిలబడ్డాడు.

లోపల ఎస్తేరు నాలుగో తరగతి పిల్లల నెత్తిన నీళ్లు పడ్డాయి. కూర్చునే చోటు కొత్తది. బోర్డుమీద వాళ్ల పాఠం లేదు. ఒకడు పుస్తకం నెత్తిన పెట్టుకున్నాడు. అందరూ పెట్టుకున్నారు. తర్వాత పుస్తకాలతో కొట్టుకున్నారు. ఎస్తేరు ఆగి చూసింది. మెల్లగా చెప్పి చూసింది. జడమీద ధార పడింది.

"నోర్లు మూస్తారా, ఒక్కొక్కని వీపు పగలగొట్టల్నా?"

ఆ వాన హోరులో అరుపు ఎవరిదో తెలియలేదు. ఏలీయా గొడుగు మూయకుండానే లోపలికి దూసుకొచ్చాడు. నేనప్పుడే అనుకుంటి, ఈయప్ప మారడని, అంటూ వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. ఎదురుగా తడిసిన జడతో, జయరాజు వదిలెళ్లిన బెత్తం పట్టుకుని, తన కూతురు నిలబడి ఉంది.

అరుపు విని జయరాజు అప్పటికే తడిక దాటి వచ్చాడు. తడిసే పిల్లల్ని చెయ్యి పట్టుకుని అటు తీసుకెళ్లి తన పిల్లల పక్కన సర్దాడు. నాగేశ్వరమ్మ చేత ధారకింద బొక్కెన పెట్టించాడు. గోల తగ్గింది.

ఏలీయా కూతుర్ని చూశాడు.

"ఇది నీ గొంతేనా?"

"నాదే నాయనా."

ఆయన జయరాజు వైపు తిరిగాడు.

"అప్పా, మా పిల్లకు ఇంత గొంతుందని నాకే తెలీదు. ఇంక నేను షరతు పెట్టేది ఏముంది? నువ్వే ఆలోచన చేసుకో."

"టీచరు అరిసింది గాదయ్యా, చోటు అరిపించింది. నేనైతే నీళ్లు పడకపోయినా అరుస్తాంటి," అన్నాడు జయరాజు.

ఏలీయాకు నవ్వొచ్చింది. దాచుకోవడానికి గొడుగు అడ్డం పెట్టుకుని వానలోకి వెళ్లిపోయాడు.

జయరాజు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎస్తేరు బెత్తం ఆయన చేతికిచ్చి, జడ పిండుకుంటూ, తడిక వైపు చూస్తూ చెప్పింది.

"ఆదివారం మీ అమ్మను మళ్లా పిల్చకరాండి. ఈసారి మా నాయన కాదనడు. కాదంటే, నేను అరుస్తా."