పై దొడ్డిలో ఎన్ని గీతలు?

తాతయ్య వంటింట్లోకి వచ్చి, తడిసిన టోపీ విదిలించి, జేబులోంచి కొండ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అది మూడు ముక్కలై ఉంది.

"ఏమైంది నాన్నా?" అంది అమ్మ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"పొట్టేలు తొక్కింది."

"ఫోన్ దాని కాళ్ళ కిందికి ఎలా వెళ్ళింది?"

"నేను కిందపడ్డాను కదా, నాతో పాటే అదీ పడింది." తాతయ్య తాపీగా సూప్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "నన్ను మాత్రం తొక్కలేదు. బంగారంలాంటి పొట్టేలు!"

గ్వెన్నో పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. నవ్వే రోజులా అవి? ఏప్రిల్ నెల, గొర్రెలు ఈనే కాలం. నాన్న ఫోన్ నాన్నతో పాటు పాల లారీలో ఊళ్ళు తిరుగుతుంది. ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్ కొండ ఫోన్ ఒక్కటే. కొండ మీద పై దొడ్డికి ఎవరు వెళ్తే వాళ్ళ జేబులో అది ఉంటుంది. అక్కడ ఏదైనా ఇబ్బంది వస్తే వంటింట్లోని ల్యాండ్‌లైన్‌కి చేస్తారు. ఫోన్ మోగలేదంటే పైన అంతా బాగున్నట్టే. వేల్స్ కొండల్లోని ఆ ఇంట్లో అదే పద్ధతి.

"ఒకేసారి డబ్బంతా పోసి కొనలేం. కాంట్రాక్టు మీద తీసుకుందాం. నెలనెలా కట్టుకోవచ్చు," అంది అమ్మ.

"రెండేళ్ళు కట్టేసుకోవాలన్నమాట. మీ అమ్మని చేసుకునేటప్పుడు కూడా నాతో ఇన్ని పేజీలు చదివించలేదే!" అన్నాడు తాతయ్య.

అమ్మ గ్వెన్నో వైపు తిరిగింది. "మీ బడిలో ఏదో నేర్పుతున్నారుగా, లాభాలు ఒక వరస, నష్టాలు ఒక వరస అని. అలా రాసిపెట్టమ్మా. ఈ నెలంతా నాకు తల గోక్కునే తీరిక కూడా ఉండదు. నువ్వు ఏది బాగుందంటే దానికే సంతకం పెడతా."

గ్వెన్నోకి పదకొండేళ్ళు. అమ్మ అంత పెద్ద పని తన చేతుల్లో పెట్టేసరికి ఆమెకు ఒళ్ళు పులకరించింది. వాళ్ళ టీచర్ మిస్ బెబ్ ఎప్పుడూ ఒక మాట చెబుతుంది. "రాసినవాళ్ళకి ఏది కావాలో చదివినవాళ్ళకి తెలియకూడదు. అలా రాస్తేనే అది సరైన తూకం." గ్వెన్నో అలాగే రాయాలనుకుంది. ఊదా రంగు ఫోన్ కంటపడేదాకా అలాగే అనుకుంది.

ఒక కంపెనీవాళ్ళు, ఒక ఫోన్ కాంట్రాక్టు మీద తీసుకుంటే రెండోది సగం ధరకే ఇస్తామన్నారు. ఆ రెండోది ఊదా రంగుది! సెప్టెంబర్ నుంచి గ్వెన్నో బస్సెక్కి బాలా ఊళ్ళో హైస్కూలుకి వెళ్ళాలి. బస్సులో అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంటుంది, ఒక్క తన చేతిలో తప్ప.

లాభాల వరస చకచకా నిండిపోయింది. నెలకు కొంచెం కడితే చాలు. పగిలితే బాగుచేసి ఇస్తారు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లో వెనక్కి పంపొచ్చు. నష్టాల వరసలో రెండే పడ్డాయి. రెండేళ్ళ దాకా మానలేం. అంతా కలిపి చూస్తే మామూలుగా కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది.

"పై దొడ్డిలో సిగ్నల్ వస్తుందో లేదో చూడు. అదే ముఖ్యం," అన్నాడు తాతయ్య.

ఆదివారం ఆమె స్నేహితురాలు హెలెద్ వచ్చింది. ఆమె ఫోన్ ఆ కంపెనీదే. ఇద్దరూ కొండెక్కారు. దారి మధ్యలో ఇనప గేటు దగ్గర రెండు సిగ్నల్ గీతలు కనిపించాయి. ఇంకా పైకెక్కి దొడ్డిలోకి వెళ్ళారు. అక్కడ ఒక్క గీత కూడా లేదు.

"ఇక్కడ గుండుసున్నా!" అంది హెలెద్.

"గోడెక్కి చూద్దాం."

గోడెక్కినా సున్నానే. గ్వెన్నో దొడ్డంతా నాలుగుసార్లు తిరిగింది. గొర్రెలు మేత మానేసి ఆమెనే చూశాయి.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "చూశావా?"

"చూశా. రెండు గీతలు వచ్చాయి," అంది గ్వెన్నో. ఎక్కడ వచ్చాయో చెప్పలేదు. 'అమ్మ అడగలేదుగా' అని మనసులో సర్దిచెప్పుకుంది.

అమ్మ రెండు ఫోన్లకీ సంతకం పెట్టేసింది. మంగళవారం అవి వచ్చేశాయి. ఊదా ఫోన్ ఎంత ముద్దుగా ఉందో! గ్వెన్నో దానికి గొర్రె బొమ్మ అంటించింది. కానీ రోజూ పొద్దున్న తాతయ్య కొండ ఫోన్ జేబులో వేసుకుని వెళ్తుంటే మాత్రం, ఆమె తల దించుకుని టోస్ట్ తినేది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుంటే గానీ ఆ గీతలు కనిపించవు. కొండ మీదికి ఆయన కళ్ళజోడు తీసుకెళ్ళడు.

రెండో శనివారం పొద్దుటి నుంచి ఒకటే వాన. పదిన్నరకల్లా టీకి దిగివచ్చే తాతయ్య పదకొండున్నరైనా రాలేదు.

"అమ్మా, తాతయ్య రాలేదేం?"

"ఫోన్ మోగలేదుగా. బాగానే ఉండుంటాడు. ఏ గొర్రెతోనో కబుర్లు చెబుతుంటాడు," అంది అమ్మ రొట్టె కోస్తూ.

గ్వెన్నో గోడకున్న ల్యాండ్‌లైన్ వైపు చూసింది. అది మోగలేదు. అది మోగదు! ఆ సంగతి ఆ ఇంట్లో తెలిసింది తన ఒక్కదానికే.

"అమ్మా..." గ్వెన్నో అమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "అది పై దొడ్డి నుంచి మోగదమ్మా. గీతలు వచ్చింది గేటు దగ్గర. దొడ్డిలో ఒక్కటీ రాలేదు. నాకు ముందే తెలుసు."

అమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. ఒక్క క్షణం గ్వెన్నో మొహంలోకి చూసింది. కోటు లాక్కుని బయటికి పరుగెత్తింది. గ్వెన్నో కూడా వెనకే వెళ్ళి బండెక్కింది.

తాతయ్య దొడ్డిలో బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఒక ముసలి గొర్రె తల ఆయన ఒళ్ళో ఉంది. ఆయన పెదవులు నీలంగా మారాయి.

"వచ్చావా లోరీ!" అన్నాడు అమ్మని చూసి. "కవలలు. కాళ్ళు చిక్కుపడ్డాయి. నా చెయ్యి లావు, పట్టడం లేదు. దీన్ని వదిలి రాలేకపోయాను."

అమ్మ చెయ్యి చిన్నది. చాలాసేపు తంటాలు పడి, రెండు పిల్లలనూ ఒకదాని తర్వాత ఒకటి బయటికి తీసింది. మొదటిది తుమ్మింది. రెండోది కదల్లేదు. అమ్మ ఎంత రుద్దినా కదల్లేదు.

గ్వెన్నో తన కోటు విప్పి తాతయ్య భుజాల మీద కప్పింది. ఆయన వణుకుతూనే నవ్వబోయాడు.

"పదిసార్లు నొక్కానే తల్లీ. కొత్త ఫోన్ కదా, నాకే చేతకావడం లేదనుకున్నా. నేర్పుదువు గానీ, ఏం?"

అంతే, గ్వెన్నో భోరుమంది. ఆయన తిట్టినా అంత ఏడుపు వచ్చేది కాదు.

ఇంటికి రాగానే బతికిన పిల్లను తువ్వాలులో చుట్టి, పొయ్యి అడుగున గోరువెచ్చగా ఉండే అరలో పడుకోబెట్టి, దాని తలుపు తీసి ఉంచారు. తాతయ్య రెండు దుప్పట్లు కప్పుకుని దాని పక్కనే కుర్చీ వేసుకున్నాడు. గ్వెన్నో మేడ మీదికి వెళ్ళి తన కాగితం తెచ్చింది. నష్టాల వరసలో మూడో వాక్యం రాసింది. నిలబడి అందరికీ వినపడేలా చదివింది.

"పై దొడ్డిలో ఫోన్ పనిచెయ్యదు. నేను వెళ్ళి చూశాను. ఊదా ఫోన్ కోసం చెప్పలేదు."

తాతయ్య దుప్పటి కాస్త పక్కకి తోశాడు.

"హమ్మయ్య! అయితే నాకు చేతకాక కాదన్నమాట," అన్నాడు తాతయ్య.

అమ్మకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. గ్వెన్నోని దగ్గరికి లాక్కుంది. "నాకు చాలా కోపంగా ఉందే. రేపు కూడా ఉంటుంది. ఆ తర్వాత పోతుంది," అంది ఆమె తడి జుట్టు సర్దుతూ. "పద్నాలుగు రోజుల్లో వెనక్కి పంపొచ్చని రాశావుగా? ఇవాళ్టికి ఎన్నో రోజు?"

"పన్నెండో రోజు."

గ్వెన్నో ఊదా ఫోన్ మీది గొర్రె బొమ్మను గోటితో మెల్లగా ఊడదీసింది. రెండు ఫోన్లనూ పెట్టెలో సర్ది, టేపు తనే అంటించింది.

తర్వాతి శనివారం, పక్క పొలంవాళ్ళ దగ్గర ఇంకో కంపెనీ ఫోన్ అడిగి తెచ్చుకున్నారు.

"నేను పైకెళ్ళి చూసొస్తా," అంది గ్వెన్నో అమ్మతో. "నేను చెప్పేదాకా దేనికీ సంతకం పెట్టకు."

ఆమె గేటు దాటింది. గేటు దగ్గర ఆగి ఫోన్ వైపు చూడనైనా లేదు. పైదాకా ఎక్కి, దొడ్డిలో, తాతయ్య మోకాళ్ళ మీద కూర్చున్న చోటే తనూ కూర్చుని నంబరు నొక్కింది.

కింద వంటింట్లో ల్యాండ్‌లైన్ మోగింది. తాతయ్య ఎత్తాడు.

"ఎన్ని గీతలు?"

"ఒకటి. ఇటు తిరిగితే రెండు. గోడ వెనక్కి వెళ్తే ఒక్కటీ లేదు. అది కూడా రాసుకో తాతయ్యా."

"రాస్తున్నా, రాస్తున్నా. ఇంతకీ నువ్వు నిజంగా దొడ్డిలోనే ఉన్నావా? గేటు దగ్గర లేవు కదా?" తాతయ్య గొంతులో నవ్వు దాగడం లేదు.

"ఉండు, నీకే వినిపిస్తా," అని గ్వెన్నో ఫోన్ పక్కకి చాపింది.

ముసలి గొర్రె వచ్చి ఫోన్ వాసన చూసింది. దాని కాళ్ళ మధ్య నుంచి, పొయ్యి అరలో పడుకున్న ఆ బుల్లి పిల్ల తల బయటికి పెట్టి, ఫోన్‌లోకి గట్టిగా "మే...!" అంది.