కడిగిన తొక్కలు

“నా తొక్కల్ని ఏం చేస్తున్నారు మీరు?”

జ్యూస్ షాపు అతను మిక్సీ ఆపాడు. కౌంటర్ ముందు ల్యాబ్ అమ్మాయి, చేతిలో ఖాళీ బకెట్. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే వచ్చి దానిమ్మ తొక్కలు పట్టుకెళ్లే మనిషి. వస్తూనే నవ్వేది. ఈ సోమవారం నవ్వలేదు.

“ఏమైందండీ?”

“మనం తిన్న పిండిని ఒంట్లో చక్కెరగా మార్చే ఎంజైమ్ ఒకటుంది. తొక్కల సారం దాన్ని ఎంత ఆపుతుందో చూడటమే నా పని. మొదటి నెల అరవై శాతం ఆపింది. ఈ నెల పన్నెండు! శుక్రవారంలోగా పాత అంకె మళ్లీ రాకపోతే మా మేడం ఈ పని ఆపేస్తారు. నేను పెట్టె సర్దుకోవాలి.”

పెట్టె అన్న మాటకు అతను చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

“కాయల రకం మార్చారా?” అడిగిందామె.

“లేదండీ.”

“నిలవ తొక్కలు కలిపారా?”

“ఛ ఛ! మీకని శుభ్రంగా వేడినీళ్లలో రెండుసార్లు కడిగి మరీ ఇస్తున్నాను.”

ఆమె బకెట్ కింద పెట్టింది. “నాకు కావాల్సిందంతా ఆ నీళ్లలోకే దిగిపోతుంది మహానుభావా! ఆ నీళ్లేం చేశారు?”

“కాలవలో పోశాను.”

“నెల రోజుల రీసెర్చ్ కాలవలో పోశారా?”

వెనక స్టూలు మీద బత్తాయిలు ఒలుస్తున్న అతని తల్లి అందుకుంది. “నేను మొత్తుకుంటూనే ఉన్నానమ్మా. గ్లాసులు కడగమంటే బద్ధకం. తొక్కలకి మాత్రం తలంటి పోసి పంపిస్తాడు.”

“అమ్మా, నువ్వుండు.”

“ఎందుకు కడిగారు?” అమ్మాయి గొంతు తగ్గించింది.

అతను మిక్సీ మూత తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. “తొక్కలు తరిగితే మీ వేళ్లు నల్లబడుతున్నాయి. సబ్బుకి పోవట్లేదన్నారు ఒకరోజు. అందుకని...”

ఆమె తన వేళ్లు చూసుకుంది. నెల నుంచి మరక లేదు. కడగని తొక్కలు బకెట్లో నింపుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె రాలేదు. వాన మొదలైంది. బత్తాయి జ్యూస్ అడిగినాయనకు అతను సపోటా ఇచ్చాడు. ఇంకొకాయనకు ఖాళీ గ్లాసే ఇచ్చాడు.

మధ్యాహ్నం ఆమె తడుస్తూ వచ్చింది. “యాభై తొమ్మిది!”

“అంటే... ఉంటారా?”

“ఇంకో ఏడాది.”

“అయితే నా షుగర్‌కి ఆ తొక్కల సారం ఒక చెంచా ఇవ్వు తల్లీ” అంది అతని తల్లి.

“ఇంకా గాజు గొట్టంలోనే పనిచేస్తోంది. మనుషుల దాకా రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. మీరు మాత్ర మానకండి, అత్తయ్యా.”

మొన్నటిదాకా ఆంటీ. తల్లి చేతిలో కత్తి ఆగింది.

అమ్మాయి నల్లబడ్డ వేళ్లు కౌంటర్ మీద పెట్టి అతన్ని చూసింది. “ఈ మరక ఇక పోదు. పర్లేదా?”

అతను తన చేయి పక్కన పెట్టాడు. కాయలు ఒలిచీ ఒలిచీ అదీ నల్లగానే ఉంది.

తల్లి మాత్రల డబ్బా తీసింది. “వేసుకుంటాను గానీ, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ పూట దొరుకుతారో చెప్పు.”