చెల్లెలి కత్తులు

పన్నెండు ముప్పై అయిదు.

చెల్లెలు షెడ్డు తాళం తీసింది. అరమీద చెక్కపెట్టె పెట్టినచోటే ఉంది. మూత తెరిచింది. లోపల నీలం గుడ్డ. గుడ్డమీద మూడు పొడవాటి గుంటలు. ఆ గుంటల్లో ఉండాల్సిన మూడు కత్తులూ లేవు.

పదకొండు పదికి తనే వాటిని తూచి పెట్టింది. ఒక్కొక్కటి నూట నలభై గ్రాములు. కూరగాయలు తరిగే కత్తులు కావవి, దూరం నుంచి చెక్కబోర్డు మీదికి విసిరే పందెం కత్తులు. టైటానియం రేకు కోసి, అరగదీసి, విసిరి చూసి, మళ్ళీ అరగదీసి, ఏడు నెలలు పట్టింది. సాయంత్రం నాలుగింటికి ఊళ్ళో కత్తులు విసిరేవాళ్ళ క్లబ్బు మైదానంలో పరీక్ష. ఎవరి కత్తులు నెగ్గితే ఇక మీదట జట్టు మొత్తానికీ వాళ్ళ కత్తులే. నాలుగు దాటాక దొరికితే ఎంత, దొరక్కపోతే ఎంత.

ఒంటి గంట అయిదుకి ఎస్సై, ఒక కానిస్టేబుల్ వచ్చారు.

ఎస్సై వస్తూనే కడుపుమంటతో వచ్చాడు. కత్తుల మీద కాదు, ఈ కేసు తనకి అప్పజెప్పిన ఇన్‌స్పెక్టర్ మీద. స్టేట్‌మెంట్ ఎలా రాయాలో, సాక్షి ముందు ఎప్పుడు నోరు మూసుకోవాలో ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఒకప్పుడు నేర్పింది ఈయనే. ఇప్పుడతను పై కుర్చీలో ఉన్నాడు, ఈయన ఉన్నచోటే ఉన్నాడు. పోనీ పొగరుగా మాట్లాడతాడా అంటే అదీ లేదు. ఇప్పటికీ "గురువుగారూ" అనే పిలుస్తాడు. తిడితే తిట్టాడని పదిమందికి చెప్పుకోవచ్చు. మర్యాద చేసేవాణ్ణి ఏమని చెప్పుకుంటాం? అతన్ని "సార్" అనాల్సి వస్తుందని ఎనిమిది నెలలుగా ఎస్సై మాటలు మింగుతున్నాడు. "ఫైలు పంపాను" అంటాడు, "వస్తున్నాను" అంటాడు. చివర ఉండాల్సిన ఆ ఒక్క మాట మాత్రం గొంతు దాటి రాదు.

"చిన్న కేసు గురువుగారూ, మీరైతే ఇట్టే తేల్చేస్తారు," అన్నాడు ఇవాళ ఫోనులో. చిన్న కేసు గనక చిన్న ఉద్యోగికి అన్నమాట, అనుకుని జీపెక్కాడు ఎస్సై.

షెడ్డు ఇంటి వెనక ఉంది. ఒక గ్రైండర్. ఒక డ్రిల్లింగ్ మిషను. పక్కపక్కనే రెండు బల్లలు, ఒకటి అన్నది, ఒకటి చెల్లెలిది. ఆ చివర గోడకి గుండ్రటి చెక్కబోర్డు. తగలకుండా జారిపడిన కత్తుల మొనలు దెబ్బతినకుండా బోర్డు కింద మోకాలి లోతు ఇసుక పోసి ఉంది. కొత్త బోర్డు. నడిమధ్యన మూడు గాట్లు. మూడింటినీ కలిపి ఒక రూపాయి బిళ్ళతో మూసెయ్యొచ్చు. ఎస్సై వాటిని చూశాడు. చూసి వదిలేశాడు.

"తాళంచెవి ఎక్కడుంటుందమ్మా?"

"వంటింటి తలుపు పక్కన మేకుకి."

"ఎవరెవరికి తెలుసు?"

"అన్నయ్యకి, వదినకి. పక్కింటి బాబాయికి కూడా."

"పదకొండు పది తర్వాత ఎక్కడున్నారు?"

"క్లబ్బులో సార్. పదకొండున్నరకి చీట్లు తీశారు."

"ఏం చీట్లు?"

ఆమె చెప్పింది. పరీక్షలో తన కత్తులు తానే విసరకూడదు. ఎవరి కత్తులు ఎవరు విసరాలో చీటీ తేలుస్తుంది. ఆమె కత్తులకి వాళ్ళ అన్నయ్య పేరొచ్చింది.

"నా అదృష్టం అనుకున్నాను సార్. అన్నయ్యకన్నా బాగా విసిరేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నాకు పని నేర్పింది కూడా ఆయనే."

చీట్లయ్యాక అన్న పదకొండు యాభైకల్లా ఇంటికొచ్చేశాడు. ఆమె మైదానంలో దూరాలు కొలుచుకుంటూ పన్నెండున్నర దాకా అక్కడే ఉంది. క్లబ్బువాళ్ళని ఒక గంట గడువు అడిగి చూస్తానని ఒంటి గంట ఇరవైకి స్కూటరెక్కి మళ్ళీ వెళ్ళింది. 

తర్వాత వదిన. ఎస్సై ఇంకా నోరు తెరవలేదు.

"నేనా షెడ్డులో అడుగే పెట్టనండీ," అంది ఆవిడ.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది వరస. అయితే ఆవిడ కోపంలో దాపరికం లేదు. పన్నెండేళ్ళుగా కత్తుల కోసం వచ్చినవాళ్ళందరూ తన భర్త పేరు చెప్పి తలుపు తట్టేవారట. ఏడాదిగా అదే తలుపు తట్టి "చెల్లెలుగారున్నారా" అని అడుగుతున్నారట. అడిగిన ప్రతిసారీ ఆయన లేచి లోపలికి వెళ్ళిపోతాడట. ఆవిడకి ఒళ్ళు మండదూ మరి.

ఆవిడ లెక్క ప్రకారం భర్త రాగానే పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, ముందుగదిలో పేపరు చదువుతూ కూర్చున్నాడు. పన్నెండు పదికి పక్కింటి బాబాయి వచ్చి, అరువు తీసుకున్న ఆకురాయి ఇచ్చి వెళ్ళాడు. 

చివరికి అన్న వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. పోలీసులంటే బెదురు లేదు. పైగా చేతిలో ఒక కర్ర, కర్ర చివర అరచేయంత అయస్కాంతం తెచ్చాడు.

"దొంగ తొందరలో ఇసుకలో పూడ్చి ఉంటాడేమో సార్. చేతులతో తవ్వితే మొనలు గుచ్చుకుంటాయి. దీంతో చూడండి."

ఎంత ముందుచూపు అనుకున్నాడు ఎస్సై. కానిస్టేబుల్ పావుగంట సేపు ఇసుకంతా కలియతిప్పాడు. వంకర మేకులు వచ్చాయి. రెండు మరలు, విరిగిన డ్రిల్లు ముక్క వచ్చాయి. కత్తి ఒక్కటీ రాలేదు. "ఇసుక పరిశీలించబడినది. ఏమీ లభించలేదు" అని రాసి ఎస్సై సంతకం పెట్టాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు సార్," అన్నాడు కానిస్టేబుల్ చెమట తుడుచుకుంటూ.

"ఈశ్వరుడికి పై అధికారి లేడు. మనకున్నాడు. పద."

రెండుంబావుకి పక్కింటికి వెళ్ళారు. ఆయన్ని అందరూ ఉక్కు బాబాయి అంటారు. నలభై ఏళ్ళుగా ఉక్కు తప్ప మరొకటి ముట్టలేదు. సాయంత్రం పరీక్షకి అన్నాచెల్లెళ్ళవి కాక ఆయన కత్తులు కూడా ఉన్నాయి. కొట్టు మూల మూలలా వెతికారు. ఏమీ దొరకలేదు. ఆయన వాళ్ళని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. తన గ్లాసులో పంచదార ఒక పలచటి బూడిదరంగు రేకుతో కలుపుకున్నాడు.

"అదేంటి?" అన్నాడు ఎస్సై.

"ఆ పిల్ల ఇచ్చిన టైటానియం ముక్క. అది ఇందుకే పనికొస్తుంది. దాన్ని లోహం అంటే నాకు ఒళ్ళు మంటయ్యా. బరువుండదు, తుప్పు పట్టదు, అయస్కాంతం పెడితే కదలదు. ఎదురొచ్చిన చుట్టాన్ని పలకరించనివాణ్ణి మనిషంటామా?"

ఎస్సై గ్లాసు నోటిదగ్గరే ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"తుప్పు పట్టదన్నాను."

"ఆ తర్వాతది."

బాబాయి రేకు తుడిచి, బల్లమీదున్న అయస్కాంతానికి ఆనించాడు. వదిలేశాడు. అది టక్కున కింద పడింది. పక్కనున్న మేకు మాత్రం ఎగిరొచ్చి అయస్కాంతానికి అతుక్కుంది.

రెండు నలభై.

"అమ్మాయి పని మీకు నచ్చదన్నమాట," అన్నాడు ఎస్సై నెమ్మదిగా.

బాబాయి కింద పడ్డ రేకు తీసి గ్లాసు పక్కన పెట్టాడు. "నచ్చకపోతే బాధేముంది," అన్నాడు చివరికి. "మామూలు కత్తి దిగితే కాసేపు గుయ్యిమని వణుకుతుంది. ఆ పిల్ల కత్తి వణకదు, ఒక్కటే చప్పుడు. గోడకి ఇవతల కూచుని రోజూ వింటాను. ఇవాళా విన్నాను, పన్నెండుకి అయిదు నిమిషాల ముందు, మూడు దెబ్బలు. పరాయివాణ్ణి, నాకే ఇంత కుళ్ళుగా ఉంటే, నేర్పినవాడికి ఎలా ఉంటుందో."

ఆ మాట తననే అన్నట్టు ఎస్సై తలెత్తాడు. ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొద్దున లేస్తే ఛాతీలో అదే.

మూడుంబావుకి అందరూ షెడ్డులో ఉన్నారు. అన్న, వదిన, బాబాయి, కానిస్టేబుల్. చెల్లెలు అప్పుడే వచ్చింది. క్లబ్బువాళ్ళు ఒక్క నిమిషం కూడా గడువు ఇచ్చేది లేదన్నారట.

"అమ్మా, పన్నెండుకి అయిదు నిమిషాల ముందు మీరెక్కడున్నారు?"

"మైదానంలో సార్. పదిమంది చూశారు."

"ఇవాళ ఈ బోర్డు మీద విసిరారా?"

"లేదు సార్. మొనలు మొద్దుబారతాయని నిన్నటినుంచి విసరలేదు. బోర్డు పొద్దున్నే కొత్తది బిగించాను."

"మరి ఈ మూడు గాట్లు?"

ఆమె దగ్గరికెళ్ళి చూసింది. వేలితో తడిమింది. ఊళ్ళో అంత దగ్గరగా మూడు కత్తులు దింపగల చెయ్యి ఒక్కటే ఉంది.

"మొదట నేనూ వీటిని పట్టించుకోలేదు," అన్నాడు ఎస్సై. "ఇంకొకటి కూడా పట్టించుకోలేదు. ఇసుకంతా వెతికాం అనుకున్నాం. దేంతో వెతికాం? అయస్కాంతంతో."

"టైటానియం కోసం అయస్కాంతమా? ఎవరిచ్చారు?" అంది చెల్లెలు.

కానిస్టేబుల్ తన చేతిలోని కర్రవైపు చూశాడు. తర్వాత అందరూ అన్నవైపు చూశారు.

"పన్నెండేళ్ళుగా కత్తులు చేస్తూ, పక్క బల్లమీదే ఈ లోహాన్ని చూస్తున్న మనిషికి అది అయస్కాంతానికి అంటదని తెలియదా? తెలుసు. మాకు తెలియదనీ తెలుసు. కత్తులు దాచినచోటే మా చేత వెతికించారు. అక్కడ లేవని మేమే కాగితం రాసి సంతకం పెట్టాం. అంతకన్నా భద్రమైన చోటు ఎక్కడ దొరుకుతుంది?"

అన్న బోర్డు కిందికి నడిచాడు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ మూల మోచేతి దాకా తవ్వి ఒక మూట తీశాడు. మెత్తటి గుడ్డ. ఒక్కొక్క కత్తికీ విడివిడిగా రెండేసి చుట్లు. మొనల దగ్గర దూది.

"పాడు చెయ్యాలనుకుంటే గ్రైండర్ పక్కనే ఉంది," అన్నాడు ఎస్సై. "ఇలా ఎందుకు చుట్టారు?"

"పాడు చెయ్యడానికి చెయ్యి రాలేదు సార్." అన్న తల ఎత్తలేదు. "చీటీలో నా పేరు రాకపోయుంటే దాచేవాణ్ణి కాదు. వాటిని నా చేత్తో గెలిపించాలి. పదిమంది ముందు నా కత్తుల్ని నేనే ఓడించాలి."

"గురి తప్పించి ఉండొచ్చుగా. ఎవరికి తెలిసేది?"

"అందుకే వచ్చాను ఇక్కడికి. తప్పు విసరడం అలవాటు చేసుకుందామని మూడుసార్లు విసిరాను. మూడూ మధ్యలోనే దిగాయి. చెడ్డగా విసరడం నా చేతికి చాతకాలేదు."

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. బాబాయి గోడవైపు తిరిగాడు.

"మండుతోందని నాతో ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగా అన్నయ్యా," అంది చెల్లెలు. గొంతులో కన్నీళ్ళు లేవు, కోపం ఉంది.

"ఎలా చెప్తానే? నేర్పింది నేనే కదా."

ఎస్సై నోటుబుక్కులో తల దూర్చాడు. రాయడానికేమీ లేదు, అయినా దూర్చాడు.

"ఎఫ్ఐఆర్ రాయమంటారా అమ్మా?"

"నాలుగు దాటాక చెప్తాను సార్." ఆమె కత్తులు పెట్టెలో సర్ది, పెట్టె అన్న చేతుల్లో పెట్టింది. "నడు."

"నన్ను నమ్మకు. ఇంకొకరి చేత విసిరించుకో."

"చీటీలో నీ పేరే ఉంది."

నాలుగింటికి మైదానం నిండింది. మొదట ఉక్కు బాబాయి కత్తులు. రెండు దిగాయి, ఒకటి జారింది. తర్వాత అన్న చేసినవి. వాటిని ఇంకెవరో విసిరారు. రెండు మధ్యలో, ఒకటి వేలెడు పక్కగా. జనం చప్పట్లు కొట్టారు. అన్న ఆ చప్పట్లు పూర్తిగా విన్నాడు.

తర్వాత పెట్టె తెరిచాడు. గీత దగ్గర నిలబడ్డాడు. వేలెడు పక్కకి పోతే చాలు, పన్నెండేళ్ళ పేరు పదిలంగా ఉంటుంది. గురి తప్పడం నేరం కూడా కాదు. చేతిలో చెమట పట్టింది, చొక్కాకి తుడుచుకున్నాడు. చెల్లెలు కళ్ళు మూసుకుంది. ఎస్సై మాత్రం ఆ చేతినే చూస్తున్నాడు.

ఒకటి. రెండు. మూడు.

ఎస్సై ఆ చప్పుడు మొదటిసారి విన్నాడు. బాబాయి చెప్పింది నిజమే, వణుకు లేదు. మూడు కత్తులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడిమధ్యన నిలబడ్డాయి.

అన్న తనే వెళ్ళి వాటిని పీకి, చొక్కా అంచుతో తుడిచి, చెల్లెలి చేతిలో పెట్టాడు.

"ఇంకా మండుతూనే ఉంది," అన్నాడు.

"తెలుసు. మండితే మండనీ, రేపు పొద్దున్నే బల్ల దగ్గరికి రా. జట్టుకి ముప్పై కత్తులు కావాలట, ఒక్కదాన్నే చెయ్యలేను." తర్వాత ఎస్సైవైపు తిరిగింది. "పోయినవి దొరికాయి సార్. ఫిర్యాదు వద్దు."

ఎస్సై జేబులో ఫోను మోగింది. నాలుగు ఇరవై అయిదు.

"గురువుగారూ, దొరికాయా?"

"దొరికాయి," అన్నాడు ఎస్సై. మైదానం అవతల అన్న ఖాళీ చేతుల్ని చొక్కాకి తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఎస్సై ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"దొరికాయి, సార్."