చచ్చినవాటికి గొడుగు

ఉదయం పదకొండూ నలభై. స్క్రాప్ యార్డులో పాత సోలార్ ప్యానెళ్ల పక్కన ఒక కూలీ శవం. రెండు అరచేతుల్లోనూ నల్లగా కాలిన మచ్చలు. కరెంటు షాక్.

కానీ యార్డులో కరెంటే లేదు. మెయిన్ స్విచ్‌కి తాళం. తాళంచెవి చనిపోయినవాడి జేబులోనే ఉంది.

దెయ్యం పనేనని కూలీలు గేటు బయటే నిలబడిపోయారు. పాతికేళ్లు ఎవరి ఇంటిమీదో పడున్న ప్యానెళ్లు ఆ ఇంటి చావుల్ని కూడా మోసుకొస్తాయట.

ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్‌లో నత్త అంటారు. దొంగ ముసలాడయ్యాక పట్టుకుంటాడని. ఒంటిగంటకి ఆయన వచ్చేసరికి శవాన్ని తీసుకెళ్లిపోయారు. నేరం ఒప్పుకున్నవాడు మాత్రం సిద్ధంగా ఉన్నాడు. చనిపోయినవాడి తమ్ముడు.

"మెయిన్ ఆపడం మర్చిపోయాను సార్. నన్ను తీసుకుపోండి."

"మరి తాళం ఎవరు వేశారు?"

తమ్ముడు తల దించుకున్నాడు. చూపు మాత్రం వదిన వైపు పోయింది. గోడ పక్కన కట్టిన నీలం టార్పాలిన్ పట్టా నీడలో, నిద్రపోతున్న చంటిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుందామె.

వైర్లు విప్పి ఒక ప్యానెల్ ఇలా తెమ్మని ఇన్‌స్పెక్టర్ యార్డు ఓనర్‌కి చెప్పారు. ఓనర్ ముందు దాన్ని బోర్లించాడు. ఆ తర్వాతే వైరు ముట్టుకున్నాడు.

"ఎందుకు బోర్లించావు?"

"అలవాటు సార్."

"చచ్చిన సరుకని కూలీలకి చెప్పావటగా. భయమెందుకయ్యా?"

ఇన్‌స్పెక్టరే విప్పి చెప్పారు. ప్యానెల్ ఎంత ముసలిదైనా ఎండ తగిలితే లేచి కూర్చుంటుంది. దానికి స్విచ్‌తో పనిలేదు. ఇక్కడ పన్నెండింటిని కలిపి కట్టారు, మనిషిని చంపేంత కరెంటు. అందుకే ఎండ తగలకుండా పట్టా కప్పారు. ఆ పట్టా ఎవరో తీశారు. కోసిన వైరు రెండు కొనలూ చనిపోయినవాడి రెండు చేతుల్లో పడ్డాయి. ప్రాణమున్న సరుకని చెబితే కూలీలు రబ్బరు చేతితొడుగులు అడుగుతారని ఓనర్ ఎవరికీ చెప్పలేదు.

"పట్టా ఎవరు తీశారో నీకు తెలుసు," అన్నారు తమ్ముడితో. "అందుకే అబద్ధమాడావు."

"వదినకి చెప్పకండి సార్," గొణిగాడు.

ఆమె వినేసింది.

"నేనే తీశాను. పాపకి ఎండ కొడుతోందని. ఈ ఓనర్‌ని అడిగే తీశాను. 'తీసుకో అమ్మా, చచ్చినవాటికి గొడుగెందుకు' అని నవ్వాడు."

ఓనర్ చేతికి బేడీలు పడ్డాయి. తమ్ముణ్ణి ఇంటికి పొమ్మన్నారు. అతను కదల్లేదు.

ప్యానెళ్లు ఎండలో మెరుస్తున్నాయి. ఆమె వాటినే చూస్తూ, నెమ్మదిగా అడిగింది.

"మరి ఇవి ఎప్పుడు చస్తాయి సార్?"

ఇన్‌స్పెక్టర్, తమ్ముడు, గేటు దగ్గరి కూలీలు... అందరూ ఒకేసారి ఒక అడుగు వెనక్కి వేశారు.