ముందే దొరికిపోయిన హంతకుడు

"హంతకుడెవరో నలభయ్యో పేజీలోనే తెలిసిపోయిందండీ! మిగతా రెండొందల పేజీలు ఎందుకు చదవాలి?"

పబ్లిషర్ ఆఫీసులో ప్రూఫ్‌రీడర్ బల్ల మీద పుస్తకం ఠపీమని పడింది. అతను తలెత్తాడు. ఎదురుగా వానలో సగం తడిసిన నర్సు.

"ఎలా కనిపెట్టారు?"

"చూపు లేనివాడు గోడ గడియారం చూసి టైమ్ చెబితే అనుమానం రాదా? కంటి ఆసుపత్రిలో ఆపరేషనైన వాళ్లకి ఈ రచయిత నవలలే చదివి వినిపిస్తాను. కట్టు విప్పని తాతగారొకాయన, 'అమ్మాయ్, చంపింది వాడే, పుస్తకం మూసెయ్' అన్నారు. నా పరువు పోయింది!"

నవ్వొచ్చింది గానీ, నవ్వలేకపోయాడు. ఆ తప్పు ప్రూఫుల్లోనే అతని కంటపడింది.

"ఆ రచయిత మా మేనమామండీ," అన్నాడు మెల్లగా. "నూట పన్నెండు నవలలు రాశారు. నిరుడు అత్తయ్య పోయాక మళ్లీ కలం పట్టింది దీనికే. తెలిసీ చెప్పలేకపోయాను."

ఆమె కోపం సగానికి సగం దిగిపోయింది. "అలాగని ఊరుకుంటే ఎలా? ఆయనకు చెప్పేవాళ్లుండాలి కదా?"

"మీరు చెప్తారా?"

ఆదివారం ఇద్దరూ వెళ్లారు. ఆమె ఒక్క ముక్క దాచలేదు. మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. మేనల్లుడికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అచ్చుకి ముందు మీ అత్తే చదివేదిరా," అన్నారు చివరికి. "ఆవిడ పెదవి విరిస్తే మళ్లీ రాసేవాణ్ణి. ఇప్పుడు అందరూ జాలిపడి బాగుందంటున్నారు." నర్సు వైపు తిరిగి, సగం రాసిన కాగితాల కట్ట చేతికిచ్చారు. "చదువమ్మా. మొహమాటపడకు."

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆమె చదివేది, మామయ్య కొట్టేసి మళ్లీ రాసేవారు, అతను టైప్ చేసేవాడు. టైప్ చేస్తూ ఆమెనే చూసి అక్షరాలు తప్పేవాడు. "ప్రూఫ్‌రీడర్‌గారికే ప్రూఫ్‌రీడర్ కావాలి," అని ఏడిపించేది.

ఐదు నెలలకు నవల పూర్తయింది. ఆ సాయంత్రం బస్‌స్టాప్‌లో ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

"హంతకుడెవరో చివరి పేజీ దాకా నాకు అంతుపట్టలేదు. అద్భుతం!" అంది.

"ఇక... ఆదివారాలు రానక్కర్లేదేమో," అన్నాడు.

అదిగో, బస్సు మలుపు తిరిగి వస్తోంది. తెలిసీ చెప్పకుండా ఒకసారి మామయ్యకి అన్యాయం చేశాడు. ఇప్పుడూ నోరు మూసుకుంటే?

"రండి," అన్నాడు గబగబా. "నవల లేకపోయినా రండి. మీరంటే నాకు చాలా ఇష్టం. వారమంతా ఆదివారం కోసమే బతుకుతున్నాను."

ఆమె చెంపలు కందాయి. గొడుగు అతని చేతిలో పెట్టి బస్సెక్కింది.

కిటికీలోంచి తల బయటపెట్టింది.

"రేపు ఇంటికి రావాలి! ఇదే మాట మా అమ్మతో చెప్పాలి! ఆరింటికి. ఆలస్యం చేశావో, ఊరుకోను!"

బస్సు కనుమరుగయ్యాక గానీ అతనికి తట్టలేదు, ఆమె 'మీరు' అనడం మానేసిందని.