నీళ్లుంటే మట్టి చెల్లదు

పడమటి నుంచి దండెత్తి వచ్చిన శిలువ జెండాల ఫ్రాంకులు షామ్ దేశంలోని, అంటే సిరియాలోని, ఆ ఊరిని చుట్టుముట్టి కాలువను మళ్లించాక, కోటలోపల బావులన్నీ బురద తేలాయి. ఏ దేవుడి పేరు చెప్పి వచ్చారో గానీ, వాళ్లు ముందుగా పట్టుకున్నది నీళ్లనే.

ఆ వేసవిలోనే లుబ్నా అత్తగారు జుమానా కన్నుమూసింది. ఆవిడకు శుభ్రం పిచ్చి. పోయేముందు కూడా కోడలి చెయ్యి పట్టుకుని, "నువ్వసలే బద్ధకపుదానివి. నన్ను మాత్రం నీళ్లతో కడిగి పంపు. మట్టి పులిమి సాగనంపావో, ఊరుకోను" అంది.

శవాలు కడిగే వర్ద కర్పూరం పట్టుకొచ్చి గుమ్మంలోనే అడిగింది.

"నీళ్లున్నాయా తల్లీ? నీళ్లు దొరక్కపోతేనే శవాన్ని మట్టితో తుడిచి పంపాలి. నీళ్లుంటే మట్టి చెల్లదు."

మంచం కింద దాచిన నీళ్ల కూజా ఒకటి ఉంది. మంచం మీద చిన్నకూతురు దుర్రా జ్వరంతో కాలిపోతోంది. పిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది.

"చుక్క కూడా లేదు" అంది లుబ్నా.

వర్ద నిట్టూర్చి, అరచేతులు మట్టికి అద్ది, ముసలామె మొహమూ చేతులూ తుడిచింది. పోయిన ఆడవాళ్లందరికీ చేసినట్టే జుట్టును మూడు జడలల్లి వెనక్కి వేసింది. పొద్దుగూకేలోపే పూడ్చేశారు.

మర్నాడు పట్టపగలే దుమ్ముగాలి లేచింది. రాళ్లు విసిరే ఫ్రాంకుల యంత్రాలు ఆగిపోయాయి. ఇల్లంతా చీకటి కమ్మింది. గాలికి గడియ ఊడేలా ఉంటే లుబ్నా తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. అలసటకు కళ్లు మూతలు పడ్డాయి.

నీళ్ల చప్పుడు...

గుక్కెడు దొరకని ఊళ్లో, ఎవరో తీరిగ్గా నీళ్లు పోస్తున్నారు. కర్పూరం వాసన... మంచం వైపు నుంచే.

"ఎవరు?"

"కుడిచెయ్యి ఇలా ఇవ్వు, బంగారం..." గొణిగింది అత్తగారి గొంతు.

"అత్తయ్యా! దాన్నొదిలెయ్యండి! నీళ్లు దాచింది నేను... నన్ను తీసుకెళ్లండి!" లుబ్నా లేవబోయింది. కాళ్లు కదల్లేదు.

చప్పుడు ఆగింది.

"నీకెందుకే శ్రమ? నేనున్నాగా."

గాలి తగ్గి వెలుగొచ్చింది. లుబ్నా పాకుతూ వెళ్లి మంచం కింద చెయ్యి పెట్టింది. కూజాలో నీళ్లు తగ్గలేదు. మూతికి చుట్టిన గుడ్డ చుట్టినట్టే ఉంది. పిల్ల ఊపిరి పీలుస్తోంది. జ్వరం లేదు, ఒళ్లు చల్లబడింది. లుబ్నా ఏడుస్తూనే నవ్వి, కూజాను పిల్ల పెదవులకు అందించింది.

"తాగు తల్లీ. అంతా నీకే."

దుర్రా మొహం పక్కకు తిప్పుకుంది.

"వద్దమ్మా. నాకింక దాహం వెయ్యదు."

తిప్పిన తల వెనక, తడిజుట్టు మూడు జడలుగా అల్లి ఉంది.